పారబోసింది ఎక్కడికి పోతుంది

సోమవారం

ప్రియమైన మీకు,

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోతుందనుకున్నాను. మీ చెల్లెలు ఉండగా అది జరిగే పని కాదు. పొద్దున్న లేచింది మొదలు ప్రశ్నలే. ఫోనులో నాకు మాట పెగలదని మీకు తెలుసు కదా. అవతల మీ గదిలో మిగతా డ్రైవర్లు కూడా వింటున్నట్టే ఉంటుంది. కాగితం మీద ఆ సిగ్గు ఉండదు. చదివిన ఐదు తరగతులూ మీకు ఉత్తరం రాయడానికే పనికొస్తున్నాయి.

వంటింటి పైకప్పు కురవడం తగ్గింది. మీరు కట్టిన రేకు గట్టిగానే నిలబడింది. మీ చెల్లి పొడుగు పెరిగింది, బడి గౌను మోకాళ్ళ పైకి వచ్చింది. కుట్టు మిషను ఆవిడకిచ్చి అంచు విప్పించాను.

వాళ్ళ బడికి కొత్త సైన్సు టీచరు వచ్చింది. కురచ జుట్టు, పెద్ద పెద్ద అంగలు. పుస్తకం మూసేసి పాఠం చెబుతుందట. తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ఒక పని పెట్టింది. ఇంట్లో పారబోసేది ఏదైనా సరే, అది ఎక్కడికి పోతుందో దాని వెంట నడిచి చూసి రావాలట. మీ చెల్లి నేను అంట్లు తోమిన నీళ్ళ వెంట కాలువ గట్టు పట్టుకుని వాగు దాకా పోయింది. మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, "వదినా, మన సబ్బు నురగ వాగులో ఈత కొడుతోంది" అంది. ఇదేం చదువని తిట్టాను.

శనివారం ఆ టీచరే మన ఇంటికి వచ్చింది. సంబంధం చూడ్డానికి వచ్చినట్టు ఇల్లంతా కలియజూసింది. పాత బ్యాటరీలు ఏం చేస్తారు, మాడిన నూనె ఎక్కడ పోస్తారు అని గుచ్చి గుచ్చి అడిగింది. తరువాత మీ గురించి అడిగింది. డ్రైవరన్నాను. ఏ బండి అంది. ట్యాంకరన్నాను. అందులో ఏముంటుంది, ఎక్కడ ఖాళీ చేస్తారు అంది. నాకేం తెలుసు? కార్ఖానా నీళ్ళని చెప్పి నేల చూపులు చూశాను. ఆవిడ తలాడించి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పాఠాలు చెప్పే మనిషికి మీ బండిలో ఏముంటే ఎందుకు?

ఆరోగ్యం జాగ్రత్త. ఈ నెలలో వస్తారా?

మీ
పిచ్చుక


శుక్రవారం

ప్రియమైన పిచ్చుకకు,

నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి గదిలో వాళ్ళంతా ఒకటే వేళాకోళం. సబ్బు నురగ ఈత కొట్టిందన్న చోట గట్టిగా నవ్వాను.

ఆ టీచరు మళ్ళీ వస్తే పాల ట్యాంకరని చెప్పు. మన గడుగ్గాయికి కూడా చెప్పు, కాలువల వెంట తిరిగితే మార్కులు రావు, పుస్తకంలోవే వస్తాయి. దాన్ని పెద్ద చదువు చదివించాలని నేను ఇక్కడ ఇన్ని తిప్పలు పడుతున్నాను.

ఇంకో మాట. ఇక నుంచి తాగే నీళ్ళు పై వీధి కొళాయి నుంచి తెచ్చుకో. మన వీధి పంపు నీళ్ళు వద్దు. అవి బరువు, నీకు పడవు. కాస్త దూరమే అయినా వెళ్ళు. ఎవరికీ చెప్పకు, చెబితే అక్కడ వరస పెరిగిపోతుంది.

నాకు సముద్రం వైపు ట్రిప్పులు పడ్డాయి. ఈ నెల రాలేను. ఏమీ అనుకోకు.

నీ
బండి మనిషి


ఆదివారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. ప్రేమతో కాదు. పంపు సంగతి రాసిన చోటే నా కళ్ళు ఆగిపోతున్నాయి.

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ పంపు నీళ్ళే తాగుతున్నాను. మీరే దోసిలి పట్టి తాగి, ఇంత చల్లటి నీళ్ళుండగా ఫ్రిజ్ దండగ అనేవారు. నా ఉత్తరంలో పంపు మాటే లేదు. అలాంటిది ఉన్నట్టుండి అవి బరువెలా అయ్యాయి?

మీ ఉత్తరం వచ్చాకే చూశాను, బిందె అడుగున ఎర్రటి జిగురులాంటిది పేరుకుంటోంది. ఈ వారం బళ్ళో పిల్లలకు రంగు కాగితాలిచ్చారు. నీళ్ళలో ముంచితే మంచి చెడు రంగు మారి తెలుస్తుందట. పై వీధి కొళాయిలో మారలేదు. మన పంపు దగ్గర కొంచెం మారింది. వాగులో బాగా ఎర్రగా మారింది. పిల్లలు కేకలు పెడితే టీచరు ఆపిందట. ఒక్క కాగితం చూసి కేకలు పెట్టకూడదు, మళ్ళీ కొలవండి, తప్పు మీదేమో ముందు చూసుకోండి అందట. అది సరే. కాగితానికి తెలియకముందే మీకెలా తెలిసింది?

మీ చెల్లి ఇంట్లో కూడా ఒక గారడీ చేసింది. నా వెడల్పాటి పళ్ళెం నిండా తడి ఇసుక పోసి, ఒక చివర నీలం సిరా వంచింది. రెండో చివర వేలితో గుంట తీసింది. గుంటలో ఊరిన నీళ్ళు ముందు తేటగానే ఉన్నాయి. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి నీలంగా మారాయి. "వాగు ఇక్కడ వదినా, మన పంపు ఇక్కడ" అని వేలు పెట్టి చూపించింది. ఇసుక లోపల నీళ్ళు పక్కకు నడుస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

ఇక అసలు సంగతి. కుట్టు మిషను ఆవిడ గౌను ఇవ్వడానికి వచ్చి, "మీ ఆయన బండి మిట్ట మధ్యాహ్నం ఇటుక బట్టీ దారిలో చూశానే. ఇంటికి రాలేదా?" అంది. వేరే బండి అయి ఉంటుందన్నాను. "వెనక నిచ్చెన వంకర పోయిన బళ్ళు ఎన్నుంటాయమ్మా" అని పెదవి కొరుక్కుంది. వానలకు బట్టీ మూసి ఉంది. దాని వెనక మూడు గదులు అద్దెకిస్తారని విన్నాను. వాటిలో ఎవరుంటారో తెలియదు. అడగాలంటే సిగ్గు. మీరేమో సముద్రం వైపంటారు.

మీ చెల్లి కూడా ఏదో దాస్తోంది. బడి వదిలాక చాలాసేపటికి వస్తోంది, చెప్పుల నిండా బురద. ప్రత్యేక తరగతులంటుంది. అదే తరగతిలో చదివే పక్కింటి అమ్మాయి వేళకే వస్తోంది. ఎవరైనా కుర్రాడు వెంట పడుతున్నాడేమోనని నా భయం. అబద్ధం చెప్పేటప్పుడు మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎడమ చెవి రుద్దుకుంటారు. ఆ పిల్ల చెవి ఎర్రబడిపోతోంది. ఉత్తరంలో మీ చెవి నాకు కనబడదు కదా.

మీ
పిచ్చుక


గురువారం

ప్రియమైన పిచ్చుకకు,

నీ మీద ఒట్టు, నాకు ఇంకో ఆడది లేదు. ఆ బట్టీ వెనక గదుల్లో ఎవరుంటారో నాకూ తెలియదు. కుట్టు మిషను ఆవిడకు దగ్గరి సూదిలో దారం కనబడదు, దూరాన నా బండి నిచ్చెన కనబడిందా?

వానల్లో చేతి పంపులన్నీ పాడవుతాయని ఇక్కడ ఒక డ్రైవరు అన్నాడు. అదే నీకు రాశాను. అంతకు మించి ఏమీ లేదు.

ఆ బడి వాళ్ళ కొలతలు ఇంకా సాగుతున్నాయా? వాగు ఎగువకు ఎంత దూరం వెళ్ళారు? బట్టీ దాకా వెళ్ళారా? గడుగ్గాయిని అటు వెళ్ళనివ్వకు. అక్కడ పాములుంటాయి. నేను గట్టిగా చెప్పానని చెప్పు. దానికి మంచి బూట్లు కొని పంపిస్తాను.

నువ్వు వేళకు తిను. ఆలోచనలు పెట్టుకోకు.

నీ
బండి మనిషి


బుధవారం

మీకు,

వాగు ఎగువకు వెళ్ళడానికి పిల్లలకు తోడు ఎవరైనా తల్లి రావాలని టీచరు కబురు పెట్టింది. అందరికీ పనులున్నాయి. నేను వస్తానన్నాను. నేను నోరు విప్పి వస్తాననడం చూసి మీ చెల్లి మొహం వెలవెలబోయింది. నాకు నీళ్ళ మీద ధ్యాస లేదు. మీరు పాములన్నారు కదా, ఆ పాము ఎలా ఉంటుందో బట్టీ వెనక గదుల్లో చూద్దామని వెళ్ళాను.

పిల్లలు పని చేసే పద్ధతి మాత్రం ముచ్చటగా ఉంది. బడి దగ్గర వంతెన కింద కాగితం ముంచారు, రంగు మారింది. బాగా ఎగువన తోటల దగ్గర ముంచారు, మారలేదు. అయితే చెడ్డ నీళ్ళు ఈ రెండు చోట్ల మధ్యే కలుస్తున్నాయంది టీచరు. ఆ మధ్యకు వెళ్ళి ముంచారు, మారింది. మళ్ళీ దానికీ తోటలకూ మధ్య. అలా సగం సగం చేసుకుంటూ పోగా చివరికి బట్టీ కల్వర్టు ఒక్కటే మిగిలింది. పెద్ద కాగితం మీద గీసుకున్న వాగు బొమ్మలో అన్ని చోట్లా రంగులు వేశారు, అక్కడ తప్ప.

అప్పుడు మీ చెల్లి ముందుకొచ్చి, కల్వర్టు దగ్గరకు ఎవరూ వెళ్ళక్కర్లేదు, అక్కడ కొలవడం కుదరదు, అంతా జారుడు అంది. చెవి రుద్దుకుంటోంది. టీచరు దాని వంక కాసేపు చూసి, సరే ఖాళీగా ఉంచండి అని పిల్లల్ని వెనక్కి మళ్ళించింది.

చెప్పు తెగిందని వంక పెట్టి నేను వెనకబడ్డాను. బట్టీ వెనక మూడు గదులూ చూశాను. ఒకదాంట్లో విరిగిన అచ్చులు, ఒకదాంట్లో గడ్డి. మూడో దానికి కప్పే లేదు. ఏ ఆడదీ లేదు. ఒక్కదాన్నే నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను కూడా.

తిరిగి వస్తుంటే కల్వర్టు దగ్గర ఘాటు వాసన ముక్కుకు తగిలింది. అంచున గడ్డి తెల్లగా చచ్చిపోయి ఉంది. మట్టిలో లావు చక్రాల గాడులు. కల్వర్టు ఇనుప కడ్డీకి సైకిల్ ట్యూబు పీలిక ఒకటి కట్టి ఉంది.

ట్యాంకరు గొట్టం విదిలించుకోకుండా సైకిల్ ట్యూబుతో రెండు చుట్లు చుట్టి, కొసను లోపలికి దోపి కడతారు మీరు. ఎప్పుడో గొట్టం ఎగిరి వేలు విరిగిందని చెప్పారు, అప్పటి నుంచి అదే అలవాటు. మన పెరట్లో దండెం అలాగే ఉంటుంది. గేటు గొళ్ళెం అలాగే ఉంటుంది. మీ చెల్లి సంచి పట్టీ కూడా అలాగే. ఆ ముడి విప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. అక్కడ కూడా రాలేదు. గోరు చీలింది.

తలెత్తితే మీ చెల్లి నిలబడి ఉంది. నా కోసం వెనక్కి వచ్చినట్టుంది. నా చేతులు చూసింది, ముడి చూసింది. "పద వదినా" అంది. పదమన్నాను. ఆ పిల్లకు మొదటే తెలుసు. మీ కోసమే ఆ చోటు ఖాళీగా ఉంచిందని నాకు అర్థమైంది.

ఇంకో ఆడది ఉంటే బాగుండేదని నడుస్తున్నంతసేపూ అనుకున్నాను. అప్పుడు ఏడ్చేది నేనొక్కదాన్నే కదా. ఇక్కడ పంపు ముందు వీధి వీధంతా బిందెలు పెట్టుకుని నిలబడింది. కుట్టు మిషను ఆవిడ మనవరాలికి కడుపునొప్పి తగ్గడం లేదు. ఆ సాయంత్రమే వెళ్ళి ఈ నీళ్ళు తాగొద్దని చెప్పాను. నా గొంతు ఎవరికి వినబడుతుంది? నీకు పై వీధి కొళాయి ముద్దయితే నువ్వు పో అన్నారు. ఎందుకు తాగకూడదో చెప్పమంటే చెప్పలేకపోయాను.

మీరు నాకొక్కదానికే చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. అది గుర్తొస్తే మంచినీళ్ళు కూడా గొంతు దిగడం లేదు.

వచ్చే వారం చివర బళ్ళో తల్లిదండ్రులందరి ముందు పిల్లలు ఆ వాగు బొమ్మ చూపిస్తారు. ఈలోగా రాయండి. నిజం కాకపోతే మాత్రం రాయొద్దు.

మీ భార్య


సోమవారం

పిచ్చుకా,

నిజమే. నేనే.

ఇనుప సామానుకు తుప్పు వదలడానికి ఆమ్లంలో కడుగుతారు మా దగ్గర. ఆ కడిగిన నీళ్ళు శుద్ధి చేసే చోటికి తీసుకెళ్ళి అప్పగించాలి. అక్కడ బళ్ళ వరస ఎప్పటికీ కదలదు. సూపర్‌వైజరు, "మనుషుల్లేని చోట వదిలేసి రా, సాయంత్రానికి ఇంకో లోడుంది" అన్నాడు. కుదరదన్న వాణ్ణి మర్నాడు పనిలోంచి తీసేశాడు. మనుషుల్లేని చోటు నాకు తెలిసింది అదొక్కటే. చిన్నప్పుడు ఈత కొట్టిన చోటు.

పారే నీళ్ళు పారిపోతాయనుకున్నాను. సముద్రంలో కలిస్తే ఎవరికేం అనుకున్నాను. ఒకరోజు కల్వర్టు కింద కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. ఎందుకో తెలియదు, మన పంపు గుర్తొచ్చింది. వెంటనే నీకు రాశాను. వీధికి చెబితే నీకెలా తెలుసని అడుగుతారు. నువ్వు పళ్ళెంలో ఇసుక సంగతి రాసే దాకా వాగు పక్కకు కూడా నడుస్తుందని నాకు తెలియదు. అది చదివాక అన్నం సయించలేదు.

అంత దగ్గరకు వచ్చి కూడా ఇంటికి రాలేదు. బట్టలకు ఆ వాసన ఉంటుంది, నువ్వు అడుగుతావు.

ఈ పని పోతే గడుగ్గాయి చదువు ఆగిపోతుంది. వేరే పని ఎవరిస్తారు? ఆ ఒక్క చోటు అలాగే ఖాళీగా ఉంచమను. ఖాళీ ఉంచడం అబద్ధం చెప్పడం కాదు కదా. నేను ఇక అక్కడ పోయను. వేరే చోటు చూసుకుంటాను.

నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎవరితోనూ అనకు.

నీ
బండి మనిషి


ఆదివారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మీ చెల్లికి చూపించలేదు. చూపించాల్సిన పని పడలేదు.

నిన్న బడి హాలు నిండిపోయింది. కూర్చునే చోటు లేక కొందరు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తాము నడిచిన దారి చెప్పారు. ఎవరింట్లో ఏది పారబోస్తే ఎక్కడ తేలిందో చెబుతుంటే పెద్దవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. తరువాత వాగు బొమ్మ పెట్టారు. టీచరు మీ చెల్లిని పిలిచి, ఇక్కడ ఖాళీ ఎందుకుందో చెప్పమంది. ఆవిడ గొంతులో కోపం లేదు.

మీ చెల్లి సంచిలోంచి కాగితాల గుత్తి తీసింది. అన్నీ నీళ్ళలో ముంచిన రంగు కాగితాల చీలికలే. కల్వర్టు ఉన్న చోట ఒకదాని కింద ఒకటి గుచ్చుతూ పోయింది. అన్నీ ఎరుపే. బొమ్మ దాటి గోడ మీదకు దిగాయి.

"ఇక్కడ కొలవడం కుదరదని చెప్పాను. అది అబద్ధం. బడి వదిలాక రోజూ వెళ్ళి కొలుస్తూనే ఉన్నాను. ఒక్కటైనా మారకుండా వస్తుందేమోనని చూశాను. రాలేదు."

గోడ దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, అక్కడ పోసేది ఎవరని అడిగాడు. మీ చెల్లి, "నీళ్ళలో ఏముందో కాగితం చెబుతుంది. ఎవరు పోశారో చెప్పదు" అంది. చెవి ముట్టుకోలేదు. హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. ఆ చిన్నపిల్ల అందరి మధ్యా ఒంటరిగా నిలబడి ఉంది. అంత బరువూ అదొక్కతే మోయాలా అనిపించింది.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. "ఆ బండి మా ఆయనది" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వెనక వరసలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. కుట్టు మిషను ఆవిడ నన్ను చూసి, ఒళ్ళో మనవరాలిని దగ్గరకు లాక్కుంది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

సాయంత్రానికి పంపు పిడికి గొలుసు వేశారు. బళ్ళో కొళాయి వీధి వాళ్ళందరికీ తెరిచారు. అక్కడ నేను బిందె పెడితే మిగతా బిందెలు కాస్త ఎడంగా జరిగాయి. జరగనీ. మనింటికి వచ్చింది టీచరు ఒక్కతే. మొదటి రోజు నుంచీ ఆవిడ మీద నాకు అనుమానంగా ఉండేదని మొహం మీదే అనేశాను. "నాకు మీ మీద ఉండేది. ట్యాంకరనగానే మీరు నేల చూశారు" అంది. ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది. మీ చెల్లి చదువు ఆగనివ్వనని, బడి నుంచి ఏం చేయాలో చూస్తానని చెప్పి వెళ్ళింది. నాకు కూడా బడి వంటశాలలో పని అడిగి చూస్తానంది.

ఖాళీ ఉంచడం అబద్ధం కాదని మీరు రాశారు. వేరే చోటు చూసుకుంటానని రాశారు. ఆ వేరే చోట ఎవరి పంపు ఉందో, దాని ముందు ఎవరు బిందె పట్టుకుని నిలబడతారో మీకు తెలుసా?

అన్నం తినేటప్పుడు మీ చెల్లిని అడిగాను. అన్నయ్యను కాపాడటానికే దాచావా అని. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

"కాపాడటానికి కాదు వదినా. అన్నయ్య కాదని తేలుతుందేమోనని కొలిచాను. నా కాగితాలు పాతవేమో, నేనే తప్పు ముంచానేమో అనుకున్నాను. ముడి ఇంకెవరైనా కట్టారేమో అనుకున్నాను. నువ్వు ఒక్క ముడి చూసి నమ్మేశావు."

ఆ బురద చెప్పులు చూసి ఎవరో కుర్రాడనుకున్నాను. తరువాత మీ దొంగతనం దాస్తోందనుకున్నాను. మీ చుట్టూ ఇన్ని అనుమానాలు అల్లుకున్న ఇంట్లో, మీరు మంచివారని రుజువు చేయాలని రోజూ అంత దూరం నడిచింది అదొక్కతే.

పంపుకు గొలుసు వేసిన నీళ్ళ శాఖ అధికారులు నన్ను కార్ఖానా పేరు అడిగారు. నాకు తెలిసినా చెప్పలేదు. ఇంకెక్కడెక్కడ పోస్తున్నారో, పోయమన్నది ఎవరో మీ నోటితో చెబితేనే కేసు నిలబడుతుందట. ఈ వారం ఆగుతామన్నారు. ఆ తరువాత నేను చెప్పేస్తాను. మీరు రావాలనుకుంటే పగలు రండి. బస్సు దిగి వీధిలోంచి నడిచి రండి. అందరూ చూస్తారు. నేను ఎదురొస్తాను.

మీరు వస్తారని నేను అంటే మీ చెల్లి కొత్త కాగితాలు కత్తిరించుకుని సంచిలో పెట్టుకుంది. రేపు కూడా కల్వర్టుకు వెళుతుందట.

"అన్నయ్య ఉత్తరం రాస్తే నువ్వు చదువుకో వదినా. నేను నీళ్ళు చూసుకుంటాను" అంది.

మీ
భార్య